రామగుండం ఎండ వేరురా

ఒరే అబ్బాయ్, రామగుండంలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే సంతోషించాను. మే నెలలోనే చేరాలన్న మాట వినగానే గుండె గుభేలుమంది. "బందరులో పుట్టినవాణ్ణి, నాకు ఎండ కొత్తా?" అన్నావట. సరిగ్గా ఆ ధీమాతోనే నేనూ వెళ్ళి, మొదటి వేసవిలోనే మంచమెక్కాను.

మన బందరు గాలిలో సముద్రపు తేమ. చెమట కారుతుందే గాని ఆరదు. చొక్కా ఒంటికి అతుక్కుని చిరాకు పుడితే చెంబెడు నీళ్ళు వాటంతటవే గుర్తొస్తాయి. అక్కడి పొడిగాలి చెమటను పట్టినచోటే లాగేస్తుంది. సాయంత్రం కాలరు మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తేగాని ఒంట్లోంచి ఎంత పోయిందో తెలియదు. అందుకే దాహమయ్యేదాకా ఆగకు. మూత్రం ముదురు పసుపు తిరిగిందంటే ఆలస్యం చేసినట్టే. మజ్జిగలో నాలుగు ఉప్పురాళ్ళు పడనీ. ఎవరైనా జొన్న అంబలి పోస్తే మొహం చిట్లించకు.

బొగ్గుగని పనివాళ్ళు మే నెలలో చెవులు మూసేలా తువ్వాలు చుట్టుకుంటే నాకు నవ్వొచ్చేది. "చెవులల్ల వడగాలి పోతది సారూ" అన్నాడొకాయన. మర్నాటి నుంచి నేనూ చుట్టాను.

ఇల్లు చూసుకునేటప్పుడు పై అంతస్తు వద్దు. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. మన ఊళ్ళో ఉక్కపోత పెంచే కూలరు అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కిటికీ మాత్రం తెరిచి ఉంచాలి సుమా. తాగే నీళ్ళకు రంజన్ కుండ ఒకటి కొనుక్కో.

2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకు.

రోహిణి దాటి మృగశిర వచ్చేదాకా పన్నెండు నుంచి నాలుగు దాకా పనిలేని తిరుగుడు కట్టిపెట్టు. సినిమాకైనా సరే.

మీ అత్తయ్య నీ సంచిలో ఉల్లిపాయలు పెడుతోంది. జేబులో వేసుకుంటే వడదెబ్బ తగలదని ఆవిడ నమ్మకం. కాదనకుండా తీసుకెళ్ళు. మధ్యాహ్నం పెరుగన్నంలో నంజుకుందువుగాని.