ఎదుట లేని సహోదరునితో వాదము



విశ్వాసి రాజకీయములు మాటలాడవచ్చునా అని కొందరు అడుగుచుందురు. మాటలాడవచ్చును. కాలువనీరు, పింఛను, పంటధర, ఇవన్నియు రాజకీయములే గదా. వీటినిగూర్చి నోరు మూసికొనుటయే భక్తి యని నేననుకొనను. నా సందేహము వేరు. మాటలాడునప్పుడు మనము నిజముగా ఎవరితో మాటలాడుచున్నాము?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకును లోక్‌సభకును ఒకే దినమున పోలింగు జరిగెను. దానికి ముందు వారము, ప్రార్థన వేళలు తెలుపుటకై పెట్టుకొన్న మా సంఘపు వాట్సాప్ గ్రూపులో నేనొక ఫోటో పంపితిని. అది ఒక అభ్యర్థిమీది నింద. దానిపై రెండు బాణపు గుర్తులుండెను. అనగా అది మొదట పంపినవాని యొద్దనుండి కనీసము అయిదు చేతులు మారినదని అర్థము. అట్టివాటిని ఒక్కసారికి ఒక్కచోటికే పంపునట్లు ఆ కంపెనీవారు 2020లో కట్టడి చేసిరి. గాని ఆ ఒక్కచోటు గ్రూపైనయెడల ఇంటింటికి చేరును! బాణములు చూచియే పంపితిని. నిజమని కాదు, నా పక్షమునకు పనికివచ్చునని పంపితిని.

సంఘములో అవతలి పక్షపు పెద్దాయన ఒకరు బదులు వ్రాసిరి. నేను మరల వ్రాసితిని. రాత్రి పదకొండు గంటలవరకు అదే పని. ఎవరెవరు నాకు బొటనవ్రేలు చూపిరో లెక్క చూచుకొంటిని. ఆయన ముఖము నా యెదుట నుండినయెడల, వ్రాసినవాటిలో సగము నా నోట రాకపోయెడిది. వచ్చిన ఆదివారము ఆయన ప్రభువు బల్లయొద్దకు రాలేదు. వెనుక చాపమీదనే కూర్చుండిరి.

యోహాను తన మూడవ పత్రిక ముగింపులో గాయునకు చెప్పవలసినది ఇంకను చాల కలదనియు, దానిని సిరాకు అప్పగింపక కలిసికొన్నప్పుడు చెప్పుదుననియు తెలుపును. ఆ సంఘములో అప్పటికే దియొత్రెఫే వలన కలత యుండెను. కలత యున్నచోట వ్రాత ఎంతవరకు పనికివచ్చునో ఆ వృద్ధుడు ఎరుగును.

పదిమందిలో వచ్చిన అబద్ధమును పదిమందిలోనే దిద్దవలదా అందురేమో. దిద్దవలెను. విచారింపగా ఆ ఫోటో వేరొక ఊరిదని తేలినది. ఆ మాట గ్రూపులోనే వ్రాసి క్షమాపణ కోరితిని. ఆ అభ్యర్థి మన సంఘస్థుడు కాకపోయినను మనుష్యుడే గదా. గాని పెద్దాయనకు నేను చేసిన గాయమునకు అది చాలదు.

సాయంకాలము వారి యింటికి వెళ్లితిని. మంచముమీద చోటిచ్చి, ‘‘తమ్ముడూ, ఆ రాత్రి నాతో మాటలాడితివా, ఊరితో మాటలాడితివా?’’ అని అడిగిరి. నాయొద్ద జవాబు లేదు. పిమ్మట గంటసేపు కాలువనీటిని గూర్చియు, ఓటును గూర్చియు గట్టిగానే వాదించుకొంటిమి. ఆయన అభిప్రాయము మారలేదు, నాదియు మారలేదు. అక్కగారు రెండవసారి మజ్జిగ తెచ్చువరకు చీకటి పడినదని మాకు తెలియలేదు.