కర్త యెవడు?

మానవుడు తాను చేసిన పనికి తాను బాధ్యుడగునా యను ప్రశ్న పండితుల వాదములకు మాత్రమే తగినదని పలువురు తలంతురు. మంజీరలో గలియు నక్కవాగు నీటిని జూచినవారి కది పండితుల ప్రశ్న గాదు, ఊరి ప్రశ్న.

1970ల తరువాత పటాన్‌చెరు ప్రాంతమున కర్మాగారములు విరివిగా వెలసినవి. వాని మురుగు వాగులను చెరువులను చెఱచెను. 1990లో ఈ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమున కెక్కెను. ఆ యూరి వైద్యులు అల్లాని కిషన్‌రావుగా రేండ్లతరబడి దీనికై పోరాడిరి. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నదని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొన్న రోగి రక్తములోకంటె నది యా నీటిలోనే హెచ్చు!

ఈ పని చేసిన దెవరు? యజమాని నడిగిన, “నా పాలు తొంబదింట నొకటి, నే నొక్కడను మానినను వాగు బాగుపడదు, పోటీలో నేను చెడుదును” అనును. తూము త్రిప్పిన కూలివాడు, “నేను త్రిప్పకున్న మఱియొకడు త్రిప్పును, నా బిడ్డలేమి తిందురు?” అనును. అధికారి పైవారి యాజ్ఞ యనును. మందు కొన్నవాడు చౌకగా దొరకినది కొంటి ననును. ఒక్కొక్కరి మాటయు న్యాయముగనే తోచును. అన్నియు గలిపి చూచినచో వాగు తనంతట తానే చెడినట్లు తేలును!

కొందఱు తత్త్వవేత్తలును వీరికి బాసటగా నిలుతురు. ప్రతి కార్యమునకు కారణము గలదు, మన సంకల్పమును కారణములవలన బుట్టినదే, కావున నెవ్వడును బాధ్యుడు గాడని వారి వాదము. కారణములు గలవనుట సత్యమే. కాని కారణ ముండుట వేఱు, నిర్బంధ ముండుట వేఱు. కాలుసేతులు కట్టబడినవానికి హితము చెప్పి ప్రయోజనము లేదు. తక్కినవానికి చెప్పినచో వాడు యోచించి మనసు మార్చుకొనవచ్చును. ఉపదేశము, సిగ్గు, దండనభయము – ఇవియు కారణములే గదా! ఇట్లు యోచించి మారగల శక్తియే బాధ్యతకు మూలము. ఆ యజమాని తన యింట దొంగ పడినపుడు, బీదఱికము వానిని ప్రేరేపించినదని విడిచిపెట్టునా?

ఈ విషయమున పాణిని వ్యాకరణము మనకొక మంచి పాఠము చెప్పుచున్నది. స్వతంత్రుడు కర్త యని నిర్వచించి, వెంటనే యతనిని ప్రేరేపించువానికి హేతు వను పేరుతోపాటు కర్త యను పేరును గూడ నతడిచ్చెను. యజమాని కూలివానిచే తూము త్రిప్పించెననినచో త్రిప్పినవాడును కర్తయే, త్రిప్పించినవాడును కర్తయే. ఒకని కర్తృత్వము వేఱొకనిదానిని మ్రింగదు. బాధ్యత, పంచుకొన్నకొలది తఱిగిపోవు ఆస్తి గాదు.

అట్లయిన నందఱును సమానదోషులా యని చదువరు లడుగవచ్చును. కారు. ఎఱుకయు శక్తియు దోషమునకు కొలతబద్దలు. మురుగులో నేమున్నదో యెఱుగని కూలివాని దోషము స్వల్పము. ఎఱిగియు, ఆపగలిగియు, లాభమునకై యాపనివానిది మిక్కుటము. చూచియు చూడనట్లున్న యధికారిది దానికి దీసిపోదు. ఢిల్లీలో 1985లో జరిగిన వాయుప్రమాదముపై సర్వోన్నత న్యాయస్థానము 1986లో తీర్పు చెప్పుచు, ప్రమాదకరమైన పరిశ్రమ నడపువాడు “జాగ్రత్త వహించితి”నని నష్టపరిహారమునుండి తప్పించుకొనరాదనెను. శాసనము పరిహార మిప్పింపగలదు. “ఇది నేను చేసితి”నని యొప్పుకొను మనస్సు నీయజాలదు.

2024 ఏప్రిల్ 3వ తేదీన మా హత్నూర మండలములోని చందాపూరులో నొక రసాయన కర్మాగారమున ప్రేలుడు గలిగి పలువురు మరణించిరి. 2025 జూన్ 30న పాశమైలారమున జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా మడిసిరి. ఇట్టి వేళల “వారి కర్మ” యని నిట్టూర్చి లేచిపోవుట మనలో వాడుక. ఈ మాట చచ్చినవారి నోరు కట్టుటయే గాక, బ్రతికినవారి దోషమును గడిగివేయుచున్నది. కర్మసిద్ధాంతమును నమ్మువాడైన నిట్లనుట తగదు. ఏలయన యజమాని నేడు చేసినదియు కర్మమే, మనము నేడు మిన్నకుండుటయు కర్మమే. కావున ఎవరి కర్మచే వారు చచ్చిరని యడుగుట మాని, ఇందు నా చేయి యెంత గలదు, దాని నెట్లు తీయగలనని ప్రతివాడును విచారించుకొనవలెను.