దీనివలన నేమి ప్రయోజనము?

మన పూర్వులు శాస్త్రగ్రంథము నారంభించునపుడు నాలుగు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొనెడివారు. ఇందు చెప్పబడు విషయమేది? దానివలన ప్రయోజనమేమి? గ్రంథమునకును విషయమునకును గల సంబంధమెట్టిది? దీనిని చదువుట కధికారి యెవడు? ఈ నాలుగింటిని అనుబంధచతుష్టయమనిరి. ఒక గ్రంథమును చదువుటకే యింత విచారణ యవసరమైనపుడు, ప్రజల పన్నులతో నడచు విశ్వవిద్యాలయముల పరిశోధనలను గూర్చి యా ప్రశ్నలే వేయుట తప్పు కాదు. ఒక గదిలో నొకడు కంప్యూటరులకు వేయు రహస్యపు తాళముల బలాబలములను పరీక్షించుచుండును. ప్రక్కగదిలో నొకతె లక్షమంది శిశువులలో నొక్కరికి గూడ రాని వ్యాధియొక్క కారణమును వెదకుచుండును. మూడవ గదిలో నింకొకడు ఈస్టు వంటి శిలీంధ్రముల కణము లొకదానితో నొకటి యెట్లు కలియునో చూచుచు జీవితము గడపుచుండును. ఈ ముగ్గురిలో నొకరి భాష యొకరికి తెలియదు. వీరి జీతములకు సొమ్మిచ్చు గృహస్థుడు “దీనివలన నేమి ప్రయోజనము?” అని యడిగినచో కొందఱు పండితులు చిఱునవ్వు నవ్వి యూరకుందురు. ఆ నవ్వు మాకు సమ్మతము కాదు. ప్రశ్న న్యాయమైనది. అయితే దానిలో మఱి రెండు ప్రశ్నలు దాగియున్నవి: ఎప్పటికి ప్రయోజనము? ఎవరికి ప్రయోజనము? వీనిని విడదీసి చూడక మొదటిదానికి సమాధానము చెప్పరాదని మా యభిప్రాయము.

ముందుగా కాలమును గూర్చి విచారింతము. సంఖ్యలను సంఖ్యలచే భాగింపగా మిగులు శేషములకు గల నియమములను ఫ్రాన్సుదేశీయుడగు ఫెర్మా 1640లో కనుగొనెను. తరువాతి శతాబ్దమున ఆయిలరు దానిని విస్తరించెను. వీరిలో నెవరును లౌకికప్రయోజనమును కోరలేదు. రామానుజుని ప్రతిభను గుర్తించి ఇంగ్లండునకు పిలిపించిన హార్డీ పండితుడు 1940లో ప్రకటించిన గ్రంథమున, తన గణితము లోకమునకు మేలు గాని కీడు గాని చేయలేదని కొంత గర్వముతోనే చెప్పుకొనెను. 1977లో అమెరికాలో రివెస్టు, షమీరు, ఏడెల్‌మను అను మువ్వురు ఆ శేషముల నియమముపైననే యొక తాళమును నిర్మించిరి. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను గుణించుట సులభము. ఆ లబ్ధమునుండి యా రెంటిని మరల విడదీయుట దుస్సాధ్యము. కావున తాళము వేయు చెవిని ఊరందఱికిని పంచిపెట్టినను, తీయు చెవి యొక్కనియొద్దనే యుండును. నేడు కంప్యూటరుల మూలమున జాబులను, సొమ్మును పంపుకొనువారిని ఇట్టి తాళములే కాపాడుచున్నవి. ఫెర్మా నాటికిని ఈ తాళమునకును నడుమ మూడువందల సంవత్సరములకు పైగా గడచినవి.

ఈ కథను చెప్పి, “చూచితిరా! నేటి నిష్ప్రయోజనము రేపటి మహాప్రయోజనము, కావున నడుగకుడు” అని వాదించువారు కలరు. ఆ వాద మంత దృఢమైనది కాదు. ఫలించిన విత్తనములను మాత్రమే లెక్కించి, మొలవని వానిని లెక్కింపని రైతు తన పంటను గూర్చి నిజము చెప్పినవాడు కాడు. ఎన్నటికిని దేనికిని ఉపయోగపడని పరిశోధనలును కలవు. రేపటి లాభమే విద్యకు సమర్థనమైనచో, లాభము రాని విద్య యంతయు మోసమని యొప్పుకొనవలసివచ్చును. కాబట్టి మనము మఱియొక యాధారమును వెదకవలెను.

అందులకు రెండవ ప్రశ్నను తీసికొందము. 1934లో నార్వేదేశమున నొక తల్లి తన యిద్దఱు బిడ్డలను వైద్యుల యిండ్లచుట్టు త్రిప్పుచుండెను. ఇద్దఱికిని బుద్ధి వికసింపలేదు. వారి దేహములనుండి యొక వింతవాసన వచ్చుచుండెను. ఆమె మాటను త్రోసివేయక వినినవాడు ఫోలింగు అను వైద్యుడు. ఆయన రసాయనశాస్త్రము గూడ నేర్చినవాడు. బిడ్డల మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు వేయగా, ఎదురుచూడని యాకుపచ్చరంగు కనబడెను. ఆయన యింకను వెదకి, ఇట్టివారిని మొత్తము పదిమందిని గూర్చి ప్రకటించెను. పాలు, పప్పు, మాంసము మొదలగు ఆహారములన్నిటిలో నుండు ఫెనిలాలనిన్ అను పదార్థమును ఈ బిడ్డల దేహము జీర్ణించుకొనలేదు; అది రక్తములో పేరుకొని మెదడును చెఱచును. ఇది కొన్ని దేశములలో పదివేల పదునైదువేల జననములకు ఒక్కటి చొప్పున కనబడు వ్యాధి. 1953లో ఇంగ్లండులోని బర్మింగుహాములో బికెలు అను వైద్యుడును ఆయన సహచరులును ఆ పదార్థమును తగ్గించిన యాహారముతో ఒక చిన్న బాలికకు మేలు కలిగించితిమని ప్రకటించిరి. తరువాత అమెరికాలో గత్రీ యను నాతడు, క్యాన్సరు రోగుల రక్తపరీక్షలకై తాను వాడుచుండిన సూక్ష్మజీవుల పద్ధతిని మార్చి, శిశువు మడమనుండి కాగితముమీదికి తీసిన రక్తపుచుక్కతోనే ఈ వ్యాధిని కనుగొను మార్గమును 1960 దశకపు టారంభమున ఏర్పఱచెను. పుట్టిన కొలదిదినములలో తెలిసినచో ఆహారనియమముచే ఆ బిడ్డ యందఱివలెనే పెరుగును. నేడనేక దేశములలో అట్టి రక్తపుచుక్కతోనే పెక్కు వ్యాధులను వెదకుచున్నారు.

ఇక్కడ మరల నొక వాదము వినబడును: “అరుదైన వ్యాధిని పరిశోధించుటవలన సామాన్యవ్యాధుల రహస్యము తెలియును, కావున అది లాభదాయకమే.” ఇది నిజమే, కాని దీనియందే నిలిచిపోయినచో నొక కీడు కలదు. బిడ్డ యితరుల యింటికి వెలుగునిచ్చు దీపము మాత్రమే యగును. చమురు తీరగానే యెవ్వరికిని అక్కఱ లేనిదగును. నార్వేలోని యా యిద్దఱు బిడ్డలకు ఫోలింగు కనుగొన్నది చికిత్సగా పనికిరాలేదు. వారికొఱకు వెదకుట వ్యర్థమా? కాదని మా మనస్సు చెప్పుచున్నది. కారణము చెప్పుకొనవలెను.

రోగము కుదురకున్నను, దాని కారణము తెలియుటయే యొక యుపకారము. మన యిండ్లలో బిడ్డ మందబుద్ధియై పుట్టినపుడు మొదట నేరము మోయునది యెవరు? కోడలు. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, పూర్వజన్మమున పాపము చేసినదనియు, ఆమె కాలు పెట్టిన వేళ మంచిది కాదనియు అందురు. ఇంతకుముందు చెప్పిన వ్యాధి విషయమున శాస్త్రము చెప్పునది వేఱు. తల్లియు తండ్రియు నిరువురును ఆరోగ్యవంతులై యుండియు, ఒక్కొక్క చెడిన బీజాంశమును తెలియకయే మోయుచుందురు. రెండును బిడ్డకు సంక్రమించినపుడే వ్యాధి కలుగును. అట్టి దంపతుల ప్రతి కాన్పునందును నాలుగింట నొక వంతు ఆ సంభవము కలదు. ఇందు తల్లి పాలెంతయో తండ్రి పాలంతయే. మేనరికములలోను, మేనమామ మేనకోడండ్ర పెండ్లిండ్లలోను ఒకే పూర్వుని బీజాంశము రెండువైపులనుండియు వచ్చి కలియు నవకాశము హెచ్చును. మేనరికపు బిడ్డలలో నధికభాగము ఆరోగ్యముగనే యుందురు. అయినను తెలిసి నిర్ణయించుకొనుట వేఱు, తెలియక చేసి పిదప కోడలిని దూషించుట వేఱు. ఔషధము లేని జ్ఞానము నిష్ప్రయోజనమనువారు, నిరపరాధియైన స్త్రీమీదినుండి నేరము తొలగుట ప్రయోజనము కాదందురా?

ఇంక గట్టి యాక్షేపమొకటి కలదు. ప్రపంచములో క్షయరోగు లందఱికంటె ఎక్కువగా నున్న దేశము మనది. ఇందఱు తెలిసిన మందులందక బాధపడుచుండగా, ఏ కొందఱికో వచ్చు రోగమును వెదకుటకు ధనము వెచ్చింపవచ్చునా? తెలిసిన చికిత్సను పంచుటలో పెక్కుమందికి ముందుస్థానమీయవలసినదే; దీనిని మేము కాదనము. కాని మందు కొనిపెట్టుటకును, తెలియనిదానిని కనుగొనుటకును భేదము కలదు. మందు రోగికి రోగికి మరల కొనవలెను. జ్ఞానమును ఒకమాఱు సంపాదించినచో ఎందఱికి పంచినను తఱుగదు. మఱియు, కొనువారు లేని సరకును వర్తకుడు తయారుచేయడు. పెక్కుమంది రోగమునకు మందు చేయుటకు వర్తకునకు లాభాపేక్ష కొంతవరకైన నుండును; కొందఱి రోగమునకు అదియు లేదు. అందుచేతనే అమెరికా 1983లో ఇట్టి వ్యాధుల మందులకై ప్రత్యేకశాసనము చేసెను. మన ప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధుల జాతీయవిధానమును ప్రకటించెను. ఎవ్వరును పూనుకొననిచోటనే ప్రజాధనమునకు పని యెక్కువ. పెండ్లిలో బాణసంచాకు లెక్క చూడని మనము, బిడ్డ ప్రాణముకడ మాత్రము తలలు లెక్కపెట్టుట ధర్మము కాదు.

ఇక సంబంధము. ప్రొజీరియా యను వ్యాధిచే పసిబిడ్డలు అకాలవార్ధక్యము పొంది సగటున పదునాలుగు పదునైదేండ్లకే మరణింతురు. ఇది సుమారు నలుబది లక్షల జననములలో నొకటి. 2003లో దాని బీజకారణము కనబడెను: ఒక మాంసకృత్తునకు ఫార్నెసిల్ అను జిడ్డుతోక యంటుకొని యూడిరాకుండుట. ఆ తోకను పండితులు మొదట చూచినది శిలీంధ్రముల సంయోగమును పరిశోధించుచు 1970 దశకమున! దాని నాపుటకు చేయబడిన మందు క్యాన్సరుకొఱకు ఉద్దేశింపబడి యక్కడ నెగ్గలేదు; లోనాఫార్నిబ్ అను ఆ మందునే 2020లో అమెరికాప్రభుత్వము ఈ బిడ్డలకొఱ కంగీకరించెను. అది రోగమును మాన్పదు. సగటున సుమారు రెండున్నర సంవత్సరముల యాయువు నిచ్చుచున్నది. ఆ రెండున్నర సంవత్సరముల విలువ యెంతయని యాయా తల్లుల నడిగి తెలిసికొనవలెను గాని, లెక్కల పుస్తకమునందు చూడరాదు. మూడవ గదిలోనివాడు రెండవ గదిలోనిదానికి ఇట్లు బంధువయ్యెను.

మొదటి గదిలోనివానికిని బిడ్డకును ఏమి చుట్టఱికము? అరుదైన వ్యాధిగల బిడ్డలు దేశమునకొకరుగా చెదరియుందురు. వారి వివరములను దేశదేశముల పండితులు ఒకచోట చేర్చిననేగాని కారణము తెలియదు. పేరు కొట్టివేసిన చాలునని వెనుక తలచిరి. 1997లో లతాన్యా స్వీనీ యను విద్యార్థిని, పేర్లు తీసి ప్రకటించిన వైద్యశాలల పట్టికలను వోటర్ల జాబితాతో పోల్చి, పుట్టినతేదీ, స్త్రీపురుషభేదము, తపాలాసంఖ్య అను మూడింటితోనే అమెరికాలో నొక రాష్ట్రపు గవర్నరు వైద్యవివరములను గుర్తించెను. 2008లో పెక్కుమంది జన్యువివరములను కలిపి మొత్తముగా ప్రకటించినను, అందొకడు కలడో లేడో తెలిసికొనవచ్చునని ఇతరులు నిరూపించిరి. అంతట అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యపరిశోధనసంస్థ అట్టి పట్టికలను బహిరంగముగా నుంచుట మానెను. లక్షమందిలో నొకడు దాగవచ్చును. ఊరికంతకు ఆ వ్యాధి గల యొక్కబిడ్డ యెక్కడ దాగును? తన చెల్లెలి పెండ్లిసంబంధముదాక ఆ వార్త పాకదా? కావున సమాచారమును పంచుకొనుచు మనిషిని కాపాడు నుపాయమును వెదకువాడు ఆ బిడ్డకు వైద్యునంత యాప్తుడు.

తాళమును పరీక్షించువానిని దొంగగా చూచు నలవాటు క్రొత్తది కాదు. 1851లో లండను మహాప్రదర్శనమునాడు హాబ్సు అను అమెరికావాడు ఎవ్వరును తీయలేరని ప్రసిద్ధికెక్కిన తాళములను తీసి చూపగా, ఇట్టి రహస్యమును వెల్లడించుట దొంగలకు పాఠము చెప్పుటయే యని కొందఱు కోపించిరి. దొంగ లంతకుముందే యెఱుగుదురు, తెలియనివాడు ఇంటియజమాని మాత్రమే యని రెండవపక్షమువారి సమాధానము. 1883లో కెర్ఖోఫ్సు అను పండితుడు, రహస్యలేఖనపద్ధతి శత్రువునకు తెలిసిపోయినను చెవి యొక్కటి దాగియున్నచో భద్రముగ నుండవలెనని నియమము చెప్పెను. దీనిలో మన గృహములకును ధర్మమొకటి కలదని మాకు తోచుచున్నది. దోషమును దాచరాదు, మనిషిని బయటపెట్టరాదు. మనము దీనికి విపరీతముగా చేయుచున్నాము. వ్యాధిని సిగ్గుచే వైద్యునియొద్ద దాతుము. వ్యాధిగ్రస్తుని పేరును వీధియరుగులమీద చెప్పుకొందుము.

కడపటిది అధికారి. ప్రయోజనమును నిర్ణయించు నధికారము ఒక్క పండితునిది కాదు. ఒక్క గృహస్థునిది కాదు. 1973లో ఇంగ్లండుప్రభుత్వపు రహస్యశాఖలో కాక్సు అను నాతడు పైన చెప్పిన తాళమునే ముందుగా కనుగొనెను. 1997దాక దానిని బయటపెట్టలేదు. ఆ యిరువదినాలుగేండ్లు దానివలన లోకమునకు కలిగిన మేలు లేదు. మేలు చేసినది తరువాతివారు వెల్లడించినది. కాబట్టి పండితునకు మొదటి విధి, నెగ్గినదానిని నెగ్గనిదానిని గూడ దాచక ప్రకటించుట. ప్రజలు చదువగల భాషలో చెప్పుట. మన విశ్వవిద్యాలయములనుండి ఏటేట వెలువడు పరిశోధనలలో నెన్ని తెలుగున గృహస్థునకు అందుచున్నవి? ఆ లెక్క చెప్పనివారు గృహస్థుని ప్రశ్నకు నవ్వతగరు. గృహస్థునకును విధి కలదు. “దీనివలన నేమి ప్రయోజనము?” అని యడిగినపుడు, “ఇది తెలియకున్నంతకాలము నష్టపడువా రెవరు?” అని గూడ నడుగవలెను. మొదటి ప్రశ్నకు సమాధానము కొన్నిమాఱులు మూడువందలేండ్లకు వచ్చును. రెండవదానికి సమాధానము పొరుగింటిలోనే యుండవచ్చును.