చుక్క పక్కన సున్న



ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఒక పత్తి సీజనులో గంపలగూడెం దగ్గరి పల్లె నుండి ఒక విశ్వాసురాలు కాటా చీటీ పట్టుకుని వచ్చింది. "ఎంతుందో చదివిపెట్టండి ఫాదర్ గారూ" అంది. చీటీ మీద 4.05 క్వింటాళ్లని ఉంది. నాకు పూజకు వేళవుతోంది. "నాలుగు పాయింటు అయిదమ్మా" అని చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె నాలుగున్నర అనుకుంది. మీరైనా అలాగే అనుకుంటారు. నాలుగు క్వింటాళ్ల అయిదు కిలోలకు డబ్బు లెక్కగట్టిన వ్యాపారిని నలుగురిలో నిలదీసి, దొంగ అంది.

తేడా నలభై అయిదు కిలోలు. ఇద్దరు ఆడవాళ్లు పొద్దస్తమానం నడుము వంచి ఏరితేగాని రాని పత్తి. ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. కాని ఆ పత్తిని ఎవరూ దొంగిలించలేదు. చుక్క పక్కనున్న సున్నను నేను మింగాను, అంతే. చుక్కకు కుడివైపు మొదటి స్థానం క్వింటాలులో పదోవంతు, అంటే పదేసి కిలోలు. రెండవది ఒక్కొక్క కిలో. ఆ మొదటి స్థానం ఖాళీ అని చెప్పడానికే సున్న అక్కడ కూర్చుంది.

చుక్క తనంతట తాను ఏమీ చెప్పదు. వాక్యం చివర నిలిస్తే ఆగమంటుంది. బీజగణితంలో రెండు అక్షరాల నడుమ కొంచెం పైకి నిలిస్తే గుణించమంటుంది. 1937లో మన విజయవాడ మేత్రాసనం ఏర్పడిన నాళ్లలో ఇక్కడ సేవచేసిన పీమే సభ ఇటలీ గురువులు తమ దేశపు బడిలో దశాంశానికి కామా, వేలకు చుక్క పెట్టడం నేర్చుకున్నవారు. వాళ్ల దేశంలో 1.500 అంటే పదిహేను వందలు, మనకు ఒకటిన్నర. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ కూడా 2003లో దశాంశానికి చుక్కయినా సరే, కామా అయినా సరే అని ఊరుకుంది. దశాంశపు చుక్కను 1593లో అచ్చు పుస్తకంలో వాడినవాడు యేసుసభ గురువు క్లావియుస్, గ్రెగోరి క్యాలెండరుకు పనిచేసిన ఆయనే. అంతకు నూటయాభై ఏళ్ల ముందే, 1440లలో, ఇటలీకే చెందిన బియాంకీని దానిని వాడాడని 2024లో ఒక పరిశోధకుడు వెల్లడించాడు.

మన అక్షరాలలోనూ ఇదే తంతు. బడికి ఒక సున్న చేర్చండి, బండి అవుతుంది. పూర్వం ఏఁడు అని అరసున్న పెడితే సంవత్సరం, లేకపోతే అంకె. ఇప్పుడు అరసున్న రాయడం మానేశాం. చుట్టూ ఉన్న మాటలను బట్టి పోల్చుకుంటున్నాం. మత్తయి 5:18ని తెలుగు చేసిన పాత అనువాదకులు హెబ్రీ లిపిలోని చిన్న గుర్తులకు పొల్లు, సున్న అనే మాటలు ఎంచుకున్నారంటే మన లిపి వాళ్లకు బాగా తెలుసునన్నమాట!

సరే, నేను అబద్ధమాడానా? పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినప్పుడు పునీత తోమాసు అక్వినాసు చెప్పినది నేర్చుకున్నాం: మనసులో ఉన్నదానికి విరుద్ధంగా పలకడం అబద్ధం. నేను చూసినదే పలికాననుకున్నాను. ఆ లెక్కన బయటపడ్డాను. చాలాకాలం ఆ వాదన నాకు సుఖంగానే ఉంది. కాని గుర్తుల అర్థం మనుషుల ఒప్పందంలో ఉంటుంది. చదవలేని మనిషి ఆ ఒప్పందంలో తన వాటాను నా చేతికిచ్చింది. దానిని నేను పూజకు వేళయిందని జారవిడిచాను. నా నోటి మాట ఆమె చెవిలో ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే చాలు. ఇక ఆ వ్యాపారి సంగతి. పరువు తీసినవాడు దానిని తిరిగి చెల్లించాలని చెప్పింది కూడా ఆ అక్వినాసే. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం తొందరపాటు తీర్పును ఎనిమిదవ ఆజ్ఞ కిందనే చేర్చింది. ఆ రోజు అతడి మాట ఎవరూ నమ్మలేదు. కాటా వేసేవాడు దొంగే అయి ఉంటాడని మనం ముందే నిర్ణయించుకుంటాం గనుక. నిజం చెప్పాలంటే, గొడవ విన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. చీటీ మళ్లీ అడిగి చూసినప్పుడుగాని సున్న కనబడలేదు.

మరునాడు ఆమెను వెంటబెట్టుకుని అదే కాటా దగ్గరకు వెళ్లి, అందరి ముందు చీటీ తిరిగి చదివాను. ఆమె చేతులు జోడించింది. అతడు ఏమీ అనలేదు, నాకు కుర్చీ వేయించాడు. ఆ తరువాత అతడి చీటీలలో చుక్క కనబడలేదు. అన్నీ కిలోలలోనే రాస్తున్నాడు: 405.