నడిత్రోవలో మజిలీ

తెలుగునాట కాశీయాత్రను గూర్చి ముచ్చటించువారు ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలంపక మానరు. 1830వ సంవత్సరము మే మాసమున చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరులో మరల ఇల్లు చేరిన ఆ మహాశయుడు త్రోవలోని మజిలీలను గూర్చి ఎంత శ్రద్ధతో వ్రాసెనో చూచినవారికి విస్మయము కలుగును. నీటి వసతి యెట్టిది, నీడ కలదా, అంగళ్ళున్నవా అను విషయములను ఊరూరునకు గుర్తించుచు పోయెను. కాశికి పోవువాడు విశ్వేశ్వరుని గూర్చి వ్రాయవలెను గాని బావులను గూర్చి యేల యని కొందరికి తోపవచ్చును. కాని ఆయన ఒంటరిగా పోలేదు. వెంట పెద్ద పరివారము, పల్లకి మోయు బోయీలు నుండిరి. మోయువాని దప్పిక నెరుగని యజమానునకు త్రోవలోని బావి కనబడదు.

ఇప్పుడు బోయీల స్థానమును మోటారు నడుపువాడు ఆక్రమించినాడు. శ్రీకాకుళ ప్రాంతమునుండి నలుగురైదుగురు మిత్రులు కలసి వాహనముపై గయకును, అచ్చటినుండి కాశికిని పోవునప్పుడు ఒరిస్సా సీమను గడచి, బహరాగోరా, ఘాట్‌శిలల మీదుగా జంషెడ్‌పూరు చేరుట ఒక మార్గము. అచ్చట సువర్ణరేఖా ఖర్కాయీ నదులు సంగమించును. ఆవల దల్మా కొండలు కనబడును. ఉక్కు కర్మాగారము వెలసిన నాటినుండి ఉత్తరాంధ్రమువారెందరో పొట్టచేతబట్టుకొని అచ్చటికి పోయి స్థిరపడిరి. బిష్టుపూరులో తెలుగువారి రామమందిరము కలదు. తెలుగు యాత్రికులకు అది తగిన మజిలీ యనుటకు ఇంతకన్న నేమి కావలెను?

ఆ పట్టణమునకు పేరిచ్చిన పురుషుడును ఒకప్పుడొక సన్న్యాసికి సహయాత్రికుడే. 1893 జూలైలో యోకోహామానుండి వాంకూవరునకు పోయిన ఓడలో వివేకానందస్వామియు, జంషెడ్జీ టాటాయు కలసి ప్రయాణించిరి. ఆ ఓడలో వారు మాటలాడిన దానిని గూర్చి ప్రచారములోనున్న కథలు పెక్కు. వానినన్నిటిని నమ్మవలసిన పని లేదు. 1898 నవంబరు 23వ తేదీన టాటా స్వామికి వ్రాసిన లేఖ మాత్రము నిలిచియున్నది. అందాయన తన్ను గుర్తుచేయుటకు తన సంపదను గాని, మిల్లులను గాని పేర్కొనలేదు. ఆ ప్రయాణములో తోడివాడనని చెప్పుకొనెను. సాక్చి యను పల్లెకు జంషెడ్‌పూరను నామము 1919లో కలిగెను. అప్పటికి ఆ యిరువురును గతించిరి.

ఇక మజిలీ సంగతి. సాయంకాలమునకు అచ్చట ఆగిన మిత్రులలో సాధారణముగా ఒక వివాదము పుట్టును. "ఈ రాత్రికే రాంచీ దాటవలెను. రేపు అమావాస్య. మా తండ్రిగారి పిండము వేళ తప్పిన ఎట్లు?" అని యొకడు. "ఇంకను నూటముప్పది కిలోమీటర్లు కదన్నా, అతని కన్నులు చూడుము" అని మరియొకడు. అంతట మొదటివాడు చోదకుని వైపు తిరిగి, "పోగలవా?" యని యడుగును. అతడు "పోదము బాబూ" అనును. కూలికి వచ్చినవాడు మరేమనగలడు? ఆ సమాధానమును అంగీకారముగా గైకొని, అతనికి తేనీరు త్రాగించి, చీకటిలో కొండత్రోవ పట్టించువారు కలరు. ఇది అల్పవిషయమని త్రోసివేయరాదు. ఒక ప్రక్క పితృఋణము, ఒక ప్రక్క ప్రాణము.

మహాభారతమున ద్రోణపర్వమునందు ఇంతకంటె తొందరగల ప్రయాణమొకటి వర్ణింపబడినది. సూర్యుడస్తమించులోపల సైంధవుని వధింపకున్న అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుని శపథము. పగలు సగము గడచినది. సైంధవుడింకను దూరమున నున్నాడు. ప్రతి క్షణము ప్రాణముతో సమానము. అట్టి సమయమున అర్జునుడు రథమును ఆపించెను! గుఱ్ఱములు బాణములు నాటి అలసినవి. వానిని విప్పి సేదదీర్చుట మేలని అతడనగా, తన తలంపును అదియే యని శ్రీకృష్ణుడు పలికెను. నీరు లేదు. పార్థుడు భూమిని శరముతో భేదించి మడుగు కల్పించెను. శరములతోనే యొక గృహము నిర్మించెను. శ్రీకృష్ణుడు గుఱ్ఱములను విప్పి, తన చేతులతో ములుకులు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రావించి, మేత పెట్టెను. సంకల్పమాత్రమున వాని శ్రమను హరింపగలవాడు, అదే దినమున సూర్యుని మరుగుపరచినవాడు, పశువుల ఒడలు తోముట చూడుడు.

అంతవరకు అర్జునుడేమి చేసెను? రథము దిగి, నేలపై నిలిచి, కౌరవసేనను ఒక్కడే అడ్డగించెను. ఒకరు విశ్రమింప మరియొకరు కావలి యుండిరి. మిత్రులతో కూడిన మజిలీకి ఈ రూపమే తగినది. చోదకుని వాహనములో విడిచి, తాము మంచములు వెదకికొనువారు దీనిని తలంపవలెను.

ప్రవాసిని మిత్రుడెవడని యక్షుడడుగగా, తోడిబాటసారులేయని ధర్మరాజు చెప్పెను. ఆప్తులనలేదు, బంధువులనలేదు, సమానస్థితి గలవారనలేదు. త్రోవలో కలసి నడచువారందరును ఆ మాటలో చేరుదురు. అట్లయిన చోదకుడు చేరడా?

విశ్రాంతి పేరిట సోమరితనము ప్రవేశింపదా యని సాధకులడుగుదురు. ప్రవేశించును. మఠములలోను, గృహములలోను విప్పిన గుఱ్ఱములను మరల పూన్చనివారు తక్కువగా లేరు. అయితే ద్రోణపర్వమున మజిలీకి ఒక మేర కలదు: ములుకులు తీయుట, నీరు, మేత, వెంటనే గుఱ్ఱములను పూన్చి కృష్ణుడు రథము తోలెను. శరీరమును రథముగా, ఇంద్రియములను గుఱ్ఱములుగా కఠోపనిషత్తు చెప్పినప్పుడు, వానిని వశమునందుంచుకొనుమనియే చెప్పినది, చంపుమని చెప్పలేదు.

పిండము మాటయేమి? గయాశ్రాద్ధమునకు కాలనియమము లేదని, అన్ని కాలములందును అచ్చట పిండమీయవచ్చునని గయామాహాత్మ్యమే చెప్పుచున్నది. అమావాస్య దాటినను పితరులు విముఖులు కారు. కావున తండ్రిని తలంచుచున్న ఆ మిత్రుడే ఆ రాత్రి మేలుకొని వాహనమునకు కాపుండవచ్చును. చోదకుడు తృప్తిగా నిద్రించి లేచిన పిమ్మట, వెలుగు వచ్చువేళకు మాంగో వంతెన దాటి రహదారి నెక్కినచో, మధ్యాహ్నమునకు ముందే వారు రాంచీలో నుందురు.