పాత చిత్రమును దిద్దుట

శరత్కాలమున గోదావరి లంకలను చూచినవారు రెల్లుపూల తెలుపును మఱవజాలరు. ఇరువదియేండ్ల క్రిందట, నేను ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, ఒక సాయంకాలము అట్టి లంక నొకదానిని ఛాయాచిత్రము తీసితిని. ఆ పటము నేటికిని మా యింటి గోడమీద నున్నది. అందు ఆకాశము వెలవెలబోయినది. రెల్లు నీటితో గలిసిపోయినది. ఆనాడు నేను చూచిన శోభ అందులో లేదను కొఱత నన్ను బాధించుచుండెను. మొన్నటి దసరా సెలవులలో నెగెటివును కంప్యూటరున కెక్కించి దిద్దుటకు బూనుకొంటిని.

ఆకాశమును నల్లబఱచితిని, రెల్లునకు వెలుగు దెచ్చితిని, మూలను నల్లని మచ్చవలె గనుపట్టినదానిని తుడిచివేసితిని. పటము మెఱసినది. అంతలో మా యమ్మాయి వచ్చి, "నాన్నగారూ, ఇక్కడ మోపు మోసుకొని పోయే ఆవిడ ఉండాలి గదా, ఏమైంది?" అని యడిగినది. అందము చెడుచున్నదని చెప్పబోయి, చెప్పలేక యూరకుంటిని.

పాతచిత్రమును మరల దిద్దుట తప్పా? తప్పని నేననను. నెగెటివునందలి వెలుగునీడల తారతమ్యమంతయు కాగితముపై దిగదు. దేనిని చీకటిలో నుంచవలయునో, దేనిని వెలుగులోనికి దేవలయునో ముద్రించువాడే నిర్ణయింపవలసి యున్నది. కాబట్టి మొదటి ముద్రణమును ఒక వ్యాఖ్యానమే.

అమెరికా దేశపు ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941 శరత్కాలమున న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముచెంత చంద్రోదయమును చిత్రించెను. శ్మశానమందలి సిలువలపై సాయంకాలపు టెండ పడుచుండెను. కాంతిని కొలుచు పరికరము చేతికి దొరకకపోగా, చంద్రుని కాంతి పరిమాణము దనకు దెలిసియుండుటచే దానినిబట్టి లెక్కగట్టి యొక్క చిత్రము తీసెను. రెండవది తీయులోపల సిలువలపై నెండ తొలగిపోయెను. ఆ యొక్క నెగెటివునే ఆయన దశాబ్దములపాటు ముద్రించెను. 1948లో దాని క్రిందిభాగమును రసాయనముతో బలపఱచెను. తొలి ముద్రణములలో మబ్బుచారలతో బూడిదవన్నెగా నున్న యాకాశము తరువాతివానిలో ఇంచుమించు కాటుక నలుపయ్యెను. పియానో నభ్యసించిన ఆయన, నెగెటివు స్వరలిపివంటిదనియు ముద్రణము గానమువంటిదనియు భావించెను. ఇందు మోసమేమియు నాకు గానరాదు.

కాని ఆయనయే 1944లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ వద్ద తీసిన శీతకాలపు సూర్యోదయ చిత్రమున మఱియొక పని చేసెను. అచ్చటి కొండపై పాఠశాల విద్యార్థులు తమ యూరిపేరిలోని రెండు పదముల మొదటి యక్షరములను తెల్లగా దీర్చియుండిరి. ఆయన వానిని ప్రకృతిముఖమునందలి మచ్చగా నెంచి చిత్రమునుండి తొలగించెను. కొండ యందమెక్కినది, ఆ పిల్లల చేతిపని మాయమైనది.

ఈ రెండు పనులకును భేదమున్నది. వెలుగునీడలను మార్చువాడు తాను చూచినదానిని మఱింత స్ఫుటముగా జెప్పుచున్నాడు. ఉన్నదానిని తుడుచువాడు ఇతరులు చూడదగినదానిని దాచుచున్నాడు. కవియు దనకు వలయునదియే గ్రహించునుగదా యందురేమో. నిజమే, కాని పద్యమును సాక్ష్యముగా నెవ్వరును గొనరు. ఛాయాచిత్రమును లోకము ప్రత్యక్షప్రమాణముగా నమ్ముచున్నది. ఆ నమ్మకమును వాడుకొనువాడు దానికి ఋణపడియున్నాడు.

రెల్లు నాకు శరల్లక్ష్మి. ఆ యమ్మకు అది యింటికప్పు. ఆమె యా మోపును ఏ గుడిసెపై గప్పెనో నేనెఱుగను, నాడు అడుగనైనలేదు. అడుగనివాడను, తుడుచుటకుమాత్రము వెనుదీయనైతిని! మన పూర్వుల కాలమును వర్ణించునపుడును మనము చేయునది తఱచు ఇదియే. పంటలు, పండుగలు, పెద్దయరుగులు మిగులును; ఆ పంట కోసినవారును, ఆ యరుగు లలికినవారును పటమునుండి జాఱిపోవుదురు. అటుపిమ్మట ఆ కాలమంతయు సుఖమయమని నిట్టూర్చుట మనకు సులభము.

ఆ సాయంకాలమే ఆమెను మరల పటమున నిలిపితిని. ఆకాశమును మాత్రము నల్లగనే యుంచితిని. ఆనాడు నా కన్నులకది యట్లే తోచినది. పాతపటమును తీసివేయక దాని ప్రక్కనే క్రొత్తదానిని తగిలించితిని. నేనేమి మార్చితినో మా యింటికి వచ్చువారు రెంటిని జూచి తామే తెలిసికొనవచ్చును.