వాళ్లిద్దరూ ఒక్కటవ్వాలని మనకెందుకంత ఆరాటం?

ఈ వారం వీడియోలో నవవిధ భక్తుల్లో ఎనిమిదోదైన సఖ్యం గురించి చెప్పుకున్నాం. ఆ మాట మీదే ఇంకొంచెం ఆలోచిద్దాం. కానీ ఈసారి ఉదాహరణ ముందు పురాణం నుంచి కాదు, ఒక అమెరికన్ క్రైమ్ సీరియల్ నుంచి.

'లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్' 1999లో మొదలైంది. న్యూయార్క్ పోలీసుల్లో లైంగిక నేరాలను దర్యాప్తు చేసే విభాగం కథ. అందులో ఒలీవియా బెన్సన్, ఎలియట్ స్టేబ్లర్ అని ఇద్దరు డిటెక్టివ్‌లు. 12 సీజన్లు కలిసి పనిచేశారు. ఒకరి మీద ఒకరికి ప్రాణం పెట్టేంత నమ్మకం. ప్రేమకథ మాత్రం లేదు. అయినా చాలామంది అభిమానుల కోరిక ఒక్కటే, వీళ్లిద్దరూ ఒక్కటవ్వాలి. దీన్నే 'షిప్పింగ్' అంటారని మీకు తెలుసు.

చిక్కేంటంటే స్టేబ్లర్‌కి పెళ్లయింది. భార్య క్యాథీ, ఐదుగురు పిల్లలు. 2011లో ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ మెలోనీ సీరియల్ వదిలేశాడు. కథలో స్టేబ్లర్ తన పార్ట్‌నర్‌కి ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. 2021లో తిరిగొచ్చాడు. ఆ ఎపిసోడ్‌లోనే కారు బాంబు పేలి, ఆ గాయాలతో క్యాథీ చనిపోయింది.

ఇక్కడ మన మనసుని ఒకసారి గమనిద్దాం. బాధ వేస్తుంది, నిజమే. కానీ వాళ్లిద్దరూ కలవాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషికి దాని వెనకాలే ఇంకో ఆలోచన రావచ్చు: "ఇక అడ్డు లేదు."

"కథే కదా, ఎవరికి నష్టం?" అనొచ్చు. క్యాథీకి నష్టం లేదు, ఆవిడ కల్పిత పాత్ర. కానీ కోరిక కల్పితం కాదు, అది మనలో పుట్టింది. గీత రెండో అధ్యాయంలో మెట్లు గుర్తున్నాయా? ఒకదాని గురించే ఆలోచిస్తూ ఉంటే సంగం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం. ఆ దారిలో మనకి తెలియకుండానే ఒకటి జరుగుతుంది. మన కోరికకి అడ్డొచ్చిన మనిషి మనిషిలా కనిపించడం మానేస్తాడు, వట్టి అడ్డంకిలా కనిపిస్తాడు.

సరే, ఆ తర్వాత స్టేబ్లర్ ఒంటరివాడే. ఇప్పుడు కోరుకుంటే తప్పేముంది? తప్పేం లేదు. అయితే 2023లో ఒక ఎపిసోడ్‌లో ఇద్దరూ ముద్దు దాకా వచ్చారు, బెన్సనే వెనక్కి తగ్గింది. అప్పుడు మనకి ఆమె మీద చిరాకు వేస్తే, మనం ఇన్నాళ్లూ ప్రేమించింది ఆమెనా, మనకి కావాల్సిన ముగింపునా? ఆమె మంచి కోరేవాళ్లకి ఆమె చెప్పిన 'వద్దు' కూడా సమ్మతం కావాలి కదా.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అంత గట్టి బంధం ప్రేమగా మారితేనే పూర్తయినట్టా? ద్రౌపదికి కృష్ణుడు సఖుడు. సభలో అవమానం జరిగినప్పుడు ఆయన్నే తలుచుకుంది. అడవిలో కోపమొస్తే ఆయన్నే నిలదీసింది, నువ్వు కూడా నాకు లేకుండా పోయావని. ఆ బంధంలో చనువుంది, అలక ఉంది, పూర్తి నమ్మకం ఉంది. దాన్ని మన పెద్దలు సగంలో ఆగిన ప్రేమకథ అనుకోలేదు. సఖ్యం అని పేరు పెట్టి గౌరవించారు.

ఈ అలవాటు తెర దాటి ఆఫీసుకి వస్తే అసలు సమస్య. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. మా ఫీల్డ్‌లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కలిసి నాలుగు రాత్రులు ప్రొడక్షన్ ఇష్యూ మీద కూర్చుంటే చాలు, జోకులు మొదలవుతాయి. ఇద్దరూ మొదట నవ్వేస్తారు. కొన్నాళ్లకి ఆ అమ్మాయి అతనితో టీకి వెళ్లడం మానేస్తుంది. అతను కోడ్ రివ్యూకి ఇంకొకర్ని అడుగుతాడు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, కానీ ఒక మంచి స్నేహం పోయింది. సీరియల్లో అయితే రచయితలు తర్వాతి సీజన్లో సర్దేస్తారు. వీళ్లకి ఆ వీలు లేదు. ఇంట్లో భార్యో, భర్తో, సంబంధాలు చూస్తున్న అమ్మానాన్నలో ఉంటారు.

సీరియల్ చూడొద్దని నేను అనట్లేదు. ఇద్దరి మధ్య నమ్మకం చూసి ముచ్చటపడటం మంచి మనసే. కాకపోతే ఈసారి ఏ జంటనైనా కలపాలనిపించినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుందాం. నా కోరిక తీరాలంటే ఎవరు పక్కకి తప్పుకోవాలి? వాళ్లు ఎప్పటికీ ఇలాగే స్నేహితుల్లా ఉండిపోతే నాకు సంతోషమేనా? రెండోదానికి అవునని చెప్పగలిగితే, ఆఫీసులో పక్క సీట్లో వాళ్లని కూడా ప్రశాంతంగా టీ తాగనిస్తాం.

జై శ్రీకృష్ణ.